"దూరపు గుడి, దగ్గర వాన": గుడియా, గూడా?

అడిగినవారు (చింతపల్లి): చింతపల్లి, లంబసింగి వైపు కొండ పల్లెల్లో చంద్రుని చుట్టూ వలయం కనబడితే పెద్దలు "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అంటారు. అయితే రెండవ సగంలో "దగ్గర గూడు" అని విన్నట్టు నాకు లీలగా గుర్తున్నది. సరైన పాఠం ఏది?

రాజమహేంద్రవరం నుంచి: గుడియే, సందేహం అక్కరలేదు. "కి" తల మీద గుండ్రంగా చుట్టే గుర్తును గుడి అనీ, దానిని సాగదీస్తే గుడిదీర్ఘమనీ పలకా బలపం నాడే నేర్చుకున్నాం. గుండ్రదనమే ఆ మాట ప్రాణం. చంద్రుని చుట్టూ కట్టే ఈ వలయానికి, అంటే పరివేషానికి, తెలుగు మాట వరదగుడి.

అనంతపురం నుంచి: నిఘంటువు తెరవడం ఎవరికైనా సాధ్యమే. పొలం గట్టున విన్న మాటను ఏం చేద్దాం? మా ఇంట అందరూ "వరదగూడు కట్టింది" అనే అనేవారు. పిట్ట కట్టేది గూడు, సాలెపురుగు అల్లేది గూడు. చంద్రుడు నడుమ ఒదిగి కూర్చున్నట్టు కనబడే దానికి గూడు కంటె తగిన పేరు ఏమున్నది? పైగా "కట్టింది" అన్న క్రియే నా పక్షాన ఉన్నది.

రాజమహేంద్రవరం నుంచి: గుడి కూడా కట్టేదేనండీ.

పాడేరు నుంచి: పెద్దలిద్దరూ మన్నించాలి. ఆషాఢంలో మా కొండల మీద మంచుతెరలు దిగితే చంద్రుడే కనబడడు, ఇక అతని గుడి ఎక్కడ? ఇక్కడివారు రేల చెట్టు ఎంత విరగబూసిందో చూస్తారు, చీమలు గుడ్లు కరచుకొని మెరకకు ఎక్కుతున్నాయేమో చూస్తారు, తీతువు పిట్ట వాగు ఒడ్డున గుడ్లు పెట్టిందా, గట్టు మీద పెట్టిందా అని ఆరా తీస్తారు. ఈ సామెత వారపు సంతలకు వచ్చే మైదాన వర్తకుల వెంట కొండ ఎక్కిందని నా అనుమానం. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇళ్లలో కూడా ఈ ముక్కను తెలుగులోనే అనడం నేను విన్నాను.

అడిగినవారు: మా పెద్దలు దీనిని ఆషాఢంలో కాదు, చైత్రంలో, ఇటుకల పండుగ రోజుల్లో అనేవారు. అప్పుడు ఆకాశం తేటగానే ఉంటుంది కదా.

విశాఖపట్నం నుంచి: అక్షరం సంగతి తరువాత చూద్దాం, ముందు "దూరపు" అన్న మాట తేలాలి. దూరమన్నది మనకా, చంద్రునికా? చాలా ఎత్తున పలచగా పరచుకొన్న మబ్బులోని మంచు స్ఫటికాల వల్ల ఏర్పడే వలయం చంద్రునికి సుమారు 22 డిగ్రీల ఎడంలో ఉంటుంది, అంటే చెయ్యి చాచి జేన పట్టినంత. అది పెరగదు, తరగదు. చంద్రుణ్ణి అంటుకొని కనబడే చిన్న రంగుల వలయం వేరు, అది పలచని మబ్బులోని నీటి తుంపరల వల్ల ఏర్పడుతుంది. కాబట్టి సామెతలోని రెండు గుడులు ఒకటే వలయపు పెద్దా చిన్నా రూపాలు కావు, అసలు రెండు వేరు వేరు వస్తువులు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడు ఆ ఎత్తు మబ్బు తరచు వానకంటె ముందే మన మీదికి పాకుతుంది గనుక "దూరపు గుడి దగ్గర వాన" అన్న సగం నమ్మదగినదే. రెండవ సగం ప్రాస కోసం అతికించినదని నా ఊహ.

రాజమహేంద్రవరం నుంచి: ప్రాస మాట ఎత్తారు గనుక చెబుతున్నాను. మూలంలో ఇది "దూరపు గుడి, దగ్గర జడి" అయి ఉంటుంది. గుడికీ జడికీ కుదిరిన జోడు చెవికి తెలియడం లేదా? "వాన" తరువాత ఎవరో సులువు కోసం మార్చినది. జడి నిలిస్తే గుడి నిలుస్తుంది, గూడు కూలుతుంది.

హైదరాబాదు నుంచి: జడి అంటే ఉత్త వాన కాదు, తెరిపి లేని వాన. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో "గురుగుం జెంచలిఁ దుమ్మి" పద్యం చివర రాయలు వాడినది ఆ అర్థంలోనే. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులను చింతచిగురుతో కలిపి నూనెలో పొరటి, ఆరికల అన్నంతో తిని, మేక ఎరువు కుంపటి దగ్గర మంచమెక్కిన రెడ్లను అంత దగ్గరగా చూసిన రాజు మరొకడు లేడు. ఒక్క పూట జల్లుకు ఎవరూ కుంపటి పెట్టుకోరు. ఆ లెక్కన గుడి కనబడిన ప్రతిసారీ ముసురు పట్టాలి, అది జరిగే పని కాదు.

రాజమహేంద్రవరం నుంచి: రాయలు చెప్పినది వాన పట్టిన తరువాతి సంగతి, మనం మాట్లాడుతున్నది శకునం.

పాడేరు నుంచి: ఆ పద్యంలోని తుమ్మి కూర మా సంతలో ఈనాటికీ దొరుకుతుంది. జడి మాత్రం మా కొండలకే ఎక్కువ సరిపోతుంది, కనుక సామెత మాదేనని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు అభ్యంతరం లేదు.

అనంతపురం నుంచి: జడి అన్నదే ఎరుగని జిల్లా మాది. ఆ పాఠం మీరే ఉంచుకోండి, నాకు గూడూ వానా చాలు.