సంగీత సభ: వయోల్ బృందం స్లాట్ (వాలంటీర్లందరూ చూడండి)

ప్రోగ్రామ్: అందరికీ నమస్తే అండి. వయోల్ (కమానుతో వాయించే పాతకాలపు తీగ వాయిద్యం) వాళ్ళు ఓకే అన్నారు, ఐదుగురు వస్తున్నారు, వాయించేవి అన్నీ ఇన్ నోమినేలే, అంటే ఒకే పాత ట్యూన్ చుట్టూ అల్లిన వాయిద్య ముక్కలు. ఆ పేరు ఎలా వచ్చిందంటే, టావర్నర్ అనే సంగీతకర్త 1526లో మన ఆక్స్‌ఫర్డ్‌లోనే కార్డినల్ కాలేజీకి, అంటే ఇప్పటి క్రైస్ట్ చర్చ్‌కి, కాయర్ మాస్టారుగా వచ్చారు. ట్రినిటీ ఆదివారం పాడే గ్లోరియా టిబి ట్రినిటాస్ అనే పాత చర్చి పాట ట్యూన్ మీద ఆయన ఒక మాస్ (చర్చి ఆరాధనలో పాడే పాటల వరుస) కట్టారు, అందులో 'ఇన్ నోమినే డోమిని' అనే మాటల దగ్గర నాలుగే గొంతులు ఉంటాయి, ట్యూన్ మొత్తం నింపాదిగా నడుస్తుంది. ఆ ముక్క ఎంత నచ్చిందంటే జనం మాటలు తీసేసి వాయిద్యాల మీద వాయించుకున్నారు, తర్వాత అదే ట్యూన్ పట్టుకుని టై, టాలిస్, బర్డ్, గిబ్బన్స్ లాంటి ఇంగ్లిష్ సంగీతకర్తలందరూ కొత్తవి రాశారు, 1680 ప్రాంతంలో పర్సెల్ దాకా, మొత్తం 150కి పైనే ఉన్నాయి. 20 నిమిషాలు ఇద్దామా?

స్టేజ్: అన్నా, 20 నిమిషాలు ఒకే ట్యూనా? జనం లేచి ఫుడ్ దగ్గరికి పోతారు. పది చాలు, చివర్లో ఒక సినిమా పాట వాయించమందాం.

ప్రోగ్రామ్: సినిమా పాట మాత్రం అడగొద్దు తమ్ముడూ. ట్యూన్ ఒకటే గానీ ఏ రెండూ ఒకలా ఉండవు. ఒకళ్ళు ఆ ట్యూన్‌లో ఒక్కో స్వరాన్నీ పొడుగ్గా లాగుతూ పోతుంటారు, మిగతా నలుగురూ దాని చుట్టూ ఒకరినొకరు తరుముకుంటూ వాయిస్తారు. టై ఒక్కడే ఇరవైకి పైగా రాశాడు, వాటిలో 'క్రై' అని ఒకటి ఉంది, ఒకే స్వరం గబగబా మళ్ళీ మళ్ళీ వస్తుంది, 'ట్రస్ట్' అనేది ఐదేసి లెక్కన నడుస్తుంది, ఖండచాపు వచ్చిన మన పిల్లలు చప్పున తాళం వేసేస్తారు చూడు. బర్డ్‌ది ఐదు భాగాలది, అంటే ఐదుగురు వాయించేది, వింటే నాకు ప్రతిసారీ కళ్ళు చెమరుస్తాయి. పదికి కుదిస్తే ఇవేవీ పట్టవు.

కల్చరల్: నేను చర్చి కాయర్‌లో పాడతా కదా, ముందు ఆ పాట ఒక్కసారి ఉత్త గొంతుతో పాడనా? ట్యూన్ చెవిలో ఉంటే తర్వాత లోపల ఎక్కడుందో జనమే వెతుక్కుంటారు.

ప్రోగ్రామ్: అక్కా, అదే కావాలి!! తప్పకుండా పాడండి.

స్టేజ్: సరే అన్నా, అక్క పాడితే 20కి నేనూ ఓకే. పర్సెల్‌ది కూడా ఉంటుందా?

ప్రోగ్రామ్: లేదు, ఆయనవి ఆరు భాగాలకి ఒకటి, ఏడుకి ఒకటి, మనకి వచ్చేది ఐదుగురే. గిబ్బన్స్‌తో ఆపేస్తారు.

సౌండ్: మైకులు ఎన్ని?

ప్రోగ్రామ్: ఎదురుగా ఒక్కటి చాలు, వాల్యూమ్ తక్కువ. పేగు తీగలండి, మెడ మీద మెట్లు కూడా పేగుతో కట్టినవే, హాలు వేడెక్కితే శ్రుతి మారిపోతుంది. లైట్లు అరగంట ముందే వేసేయండి, వాళ్ళు ఆ వేడిలోనే శ్రుతి చేసుకుంటారు. చిన్నదైనా పెద్దదైనా వయోల్ కాళ్ళ మధ్యే పట్టుకుని వాయిస్తారు కాబట్టి చేతుల్లేని కుర్చీలు ఐదు కావాలి, హాలు వాళ్ళవి అన్నీ చేతులున్నవే.

ఫుడ్: బిర్యానీ ఒంటిగంటకి వస్తుంది, ట్రేలు దింపితే చప్పుడు ఖాయం.

ప్రోగ్రామ్: అయితే స్లాట్ 12:20కి పెడుతున్నా. కూచిపూడి పిల్లలు గ్రీన్ రూమ్‌లో గజ్జెలు విప్పి కూర్చోవాలి, అమ్మలు కాస్త చూసుకోండి. కుర్చీలు ఎవరింట్లో ఉన్నాయి?

స్టేజ్: డైనింగ్ టేబుల్‌వి నాలుగు మా ఇంట్లో ఉన్నాయి, కార్లో వేసుకొస్తా. ఇంకొకటి ఎవరైనా చూడండి.