వైజాగ్ నుంచి అండమాన్‌కి ఓడలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి చివర్లో అమ్మతో కలిసి పోర్ట్‌బ్లెయిర్ వెళ్దామనుకుంటున్నాను (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా ఇంట్లో ఇంకా పాత పేరే). అమ్మకేమో ఓడ ఎక్కాలని సరదా. దాదాపు మూడు రోజుల ప్రయాణం అంటున్నారు. ఆవిడకి బస్సు ఎక్కితేనే కడుపులో తిప్పుతుంది, అదే నా టెన్షన్. ఆ నెలలో సముద్రం నెమ్మదిగా ఉంటుందా? క్యాబిన్ ఏ అంతస్తులో తీసుకుంటే ఊపు తక్కువ?

సెల్యులార్ జైలు ఎలాగూ చూస్తాం. నాకు అసలు ఆశ డిగ్లీపూర్ దగ్గరున్న కాలీపూర్ తీరం మీద. మన తీరంలో తాబేలంటే ఎక్కువగా ఆలివ్ రిడ్లీయే కదా, అక్కడ ఆకుపచ్చ తాబేలు, లెదర్‌బ్యాక్ కూడా గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఫిబ్రవరి చివరంటే మరీ ఆలస్యమవుతుందా?

ఇంకో సంగతి. డిగ్లీపూర్ రోడ్డు జారవాలనే ఆదివాసీల అడవి మీదుగా పోతుంది. వాహనాలన్నీ వరసగా కాపలాతో వెళ్ళాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. రూల్స్ పాటించినా సరే, వాళ్ళ ఇంటి మధ్యలోంచి మనం దూసుకుపోవడం నాకు నచ్చదు. అందుకే, రోడ్డు మానేసి డిగ్లీపూర్‌కి ప్రభుత్వ పడవలో వెళ్ళినవాళ్ళుంటే టికెట్ ఎలా దొరికిందో చెప్పండి.

బారెన్ ద్వీపం అగ్నిపర్వతం 1991లో మళ్ళీ రగిలింది. దిగనివ్వరట, దూరం నుంచే చూడాలి. ఆ మాత్రానికి అంత డబ్బు పెట్టొచ్చంటారా?