ముదురు రంగు బట్టలో తెల్ల పోగులు: ముందు సార్టరా, కాంపాక్టా?

గణపవరం_స్పిన్నర్
గుంటూరు వైపు మిల్లు అండీ. 30, 40 కౌంట్ (నూలు సన్నదనం అంకె) కోంబ్డ్ (దువ్వి పొట్టి పీచు తీసేసిన) హోజరీ నూలు బంగ్లాదేశ్‌కి పోతుంది. నేవీ బ్లూ, నలుపు బట్టలో తెల్లగా కనబడుతోందని కంప్లయింట్లు. మిషన్‌తో తీసిన బ్రెజిల్, ఆస్ట్రేలియా పత్తి వాడే వియత్నాం నూలుకి ఈ బెడద తక్కువ, కొనేవాళ్లు అటు మొగ్గుతున్నారు. ఈ ఏడాది ఒక్కదానికే డబ్బు పెట్టగలం: బ్లోరూంలో (బేళ్ల దూది విప్పి శుభ్రం చేసే చోట) కంటామినేషన్ సార్టరా (పరాయి ముక్కని కెమెరాతో చూసి గాలితో బయటికి కొట్టేది), రింగ్ ఫ్రేములకి (నూలు వడికే మిషన్లకి) కాంపాక్ట్ అటాచ్‌మెంటా (పీచుని గాలితో దగ్గరికి పీల్చి నూలు బిగువు చేసేది)?

క్యూసీ_నరసరావుపేట
ఆర్డర్ పెట్టేముందు ఆ తెలుపు ఏమిటో తేల్చండి. బట్టలోంచి సూదితో లాగి నిప్పు చూపించండి. ముడుచుకుని కరిగి గట్టి పూసైతే పాలీప్రొపిలీన్, అంటే యూరియా సంచి పోగు. రియాక్టివ్ రంగు దానికి పట్టదు. కాగితంలా కాలి బూడిదైతే అది పత్తే, పండని పీచు చుట్టుకున్న నెప్, అంటే చిన్న ఉండ. అదీ రంగు పీల్చదు, కానీ సార్టర్ దాన్ని ఆపలేదు. అప్పుడు మిక్సింగ్‌లో మైక్రోనేర్ (పీచు మందం, పక్వత కొలత) తక్కువున్న లాట్లు, కార్డ్ (దూదిని పోగులుగా విడదీసే మిషన్) వైరు, కోంబర్ నాయిల్ (దువ్వి తీసేసే పొట్టి పీచు) శాతం చూసుకోవాలి.

పూస వస్తే సార్టరే కొనండి. మామూలు కెమెరా రంగు గుడ్డ, జనపనార, వెంట్రుక పడుతుంది. తెల్ల ప్లాస్టిక్ పత్తి రంగులోనే ఉంటుంది కాబట్టి దాన్ని వదిలేస్తుంది. పోలరైజ్డ్ లైటు మాడ్యూల్ ఉందో లేదో అడగండి, మీ సంచి ముక్కలే వేయించి ట్రయల్ చూడండి. దాని చోటు దూది బాగా విడిన తర్వాత, కార్డ్‌కి ముందు. కార్డ్ దాటితే ముక్క పోగులుగా చీలిపోతుంది, ఇక తీయడం కష్టం.

పెట్టాక ఎక్కువగా చెడేది టైమింగ్. కెమెరా చూసిన ముక్క నాజిల్ దగ్గరికి వచ్చే సమయం డక్ట్‌లో గాలి వేగాన్ని బట్టి ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోతే వేగం తగ్గుతుంది, వాల్వ్ ముందే కొట్టేస్తుంది. మంచి దూది బయటికి, ప్లాస్టిక్ లోపలికి. షిఫ్టుకోసారి ఎజెక్షన్ పెట్టె చేత్తో ఏరి చూడండి. అంతా మంచి దూదే ఉంటే సెన్సిటివిటీ ముట్టుకోకుండా ముందు డక్ట్ ప్రెషర్ చూడండి.

జిన్నింగ్_సత్తెనపల్లి
పై మాటకి ఒకటి చేర్చాలి. ఏ సార్టరూ మొత్తం పట్టదు. పొలంలో ప్లాస్టిక్ గోతాల్లో కుక్కి పురికొసతో కుట్టినంత కాలం ఇది ఆగదు. జిన్ మిల్లుకి నూలు గుడ్డ సంచులు, పట్టాలు ఇచ్చి, శుభ్రమైన పత్తికి క్యాండీ (దూది బేరంలో వాడే తూకం) మీద కొంత ఎక్కువ కట్టండి. మీ దగ్గర బేళ్లు విప్పినప్పుడు ఏరిన చెత్తని 170 కిలోల బేలుకి ఎన్ని గ్రాములో జిన్ వారీగా రాయండి. రేటు బేరంలో ఆ పుస్తకమే బలం. యూరప్‌లో 2024 జూలై 18న అమల్లోకి వచ్చిన ఈఎస్‌పీఆర్ చట్టం (సరుకులు పర్యావరణానికి అనుకూలంగా ఉండాలనేది) కింద బట్టలకి డిజిటల్ ప్రోడక్ట్ పాస్‌పోర్ట్ (సరుకు వివరాల డిజిటల్ రికార్డు) రాబోతోంది. అప్పుడు బేలు నుంచి నూలు చుట్టిన కోన్ దాకా లాట్ నంబర్ చూపించగలిగినవాళ్లకే అక్కడి ఆర్డర్లు సులువు.

గణపవరం_స్పిన్నర్
కాల్చి చూశాం, పూసే వచ్చింది. మరి కాంపాక్ట్ పూర్తిగా వద్దంటారా?

రింగ్‌ఫ్రేమ్_మెయింటెనెన్స్
వద్దని కాదు, వచ్చే ఏడాది. దాని లాభం వేరు. 30 కౌంట్‌కి ట్విస్ట్ మల్టిప్లయర్ (కౌంట్ వర్గమూలంతో గుణిస్తే పురి వచ్చే అంకె) 3.6 అయితే అంగుళానికి పురి 19.7. నూలు బలం పెరుగుతుంది కాబట్టి కాంపాక్ట్‌లో 3.4 పెడితే 18.6. స్పిండిల్ 18,000 ఆర్‌పీఎం, వంద శాతం ఎఫిషియెన్సీ లెక్కన 8 గంటలకి స్పిండిల్‌కి 219 గ్రాములు కాస్తా 232 అవుతాయి. నూలు మీద నూగూ తగ్గుతుంది. ఇందులోంచి సక్షన్ కరెంటు, లాటిస్ ఆప్రాన్ల (పీచుని పీల్చి పట్టే రంధ్రాల పట్టీల) ఖర్చు తీసేసి చూడండి. ఆప్రాన్ రంధ్రాలు ఫ్లైతో (గాలిలో ఎగిరే పీచుతో), జిగట పత్తితో మూసుకుంటే ఆ స్పిండిల్ మామూలు నూలే ఇస్తుంది. అలాంటి కోన్లు నాలుగు కలిసినా నిట్టింగ్‌లో అడ్డచారలు పడతాయి. అందుకే ఫ్రేములు సగం మార్చినా, ఆ నూలు ఈ నూలు ఒకే లాట్‌లో ప్యాక్ చేయకండి. బాబిన్ రంగు వేరు పెట్టండి.