'దిద్దుబాటు' కథలో నాకు రాముడే కనిపిస్తున్నాడు, అదే రాయొచ్చా?

పెరటిమెట్లు:
అందరికీ నమస్కారం. నాది బీఏ మొదటి సంవత్సరం, తెలుగు స్పెషల్. మా మేడమ్ గురజాడ 'దిద్దుబాటు' చదివించి, కథలో మిమ్మల్ని పట్టుకున్నదేదో మీరు పెరిగిన తీరుతో కలిపి రెండు పేజీలు రాయమన్నారు. సోమవారం క్లాసులో పైకి చదవాలి. అదే నా టెన్షన్.

అందరూ కమలిని గురించే రాస్తున్నారు. చదువుకున్న భార్య, సానిపాటలకి తిరిగే మొగుడికి ఎలా బుద్ధి చెప్పిందీ అని. నా మనసు మాత్రం నౌకరు రాముడి దగ్గరే ఆగిపోయింది. గోపాలరావు రాత్రి పొద్దుపోయి ఇంటికొస్తాడు, భార్య కనిపించదు, ఆ కోపంలో రాముడి వీపు మీద గుద్దుతాడు. వెంటనే అయ్యో పాపం అనుకుని వీపు నిమురుతాడు. ఇక అక్కణ్ణుంచి కథంతా పుట్టింటికి పోతున్నానని భార్య రాసిపెట్టిన ఉత్తరం, మొగుడి పశ్చాత్తాపం. నాకేమో ఆ వీపే గుర్తొస్తోంది.

మా అమ్మ విజయనగరంలో మూడిళ్ళలో అంట్లు తోముతుంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా బడి వదిలాక అందులో ఒకరింటి పెరటి మెట్ల మీద కూర్చునే హోంవర్క్ చేసుకునేదాన్ని. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. నా టెన్త్ పరీక్ష ఫీజు కట్టింది వాళ్ళే. మా ఇద్దరి గ్లాసులూ మాత్రం వంటింటి కిటికీ ఊచల పక్కన వేరేగా బోర్లించి ఉండేవి.

నేను తొమ్మిదిలో ఉండగా అయ్యగారి చొక్కా జేబులో ఐదు వందల నోటు కనిపించలేదు. అమ్మగారు అరవను కూడా లేదు. "నువ్వు తీశావని కాదుగానీ, ఓసారి కొంగు ముడి విప్పు" అన్నారు. అమ్మ విప్పింది. అందులో పదకొండు రూపాయలు, ఓ వక్కపొడి పొట్లం. నేను మెట్ల మీద లెక్కలు చేస్తున్నట్టు తలొంచుకున్నాను. రెండ్రోజులకి నోటు వాషింగ్ మెషిన్‌లో దొరికింది, నలిగి ఉండకట్టి. పొరపాటైపోయిందని ఎవరూ అనలేదు. అమ్మకి వంగపండు రంగు చీర ఇచ్చారు, కొత్తదే. ఆ చీర కట్టుకునే అమ్మ నన్ను కాలేజీలో చేర్పించడానికొచ్చింది.

గోపాలరావు రాముడి వీపు నిమిరిన చోట నాకు ఆ చీర కనబడింది.

నిన్న రాత్రి అమ్మకి కథ చదివి వినిపించాను. రాముడి మాటలకి ఒకటే నవ్వు. "ఏటే, అచ్చం మీ తాతలాగే మాటాడతన్నాడు" అంది. ఆడవాళ్ళకి చదువెందుకన్నట్టు రాముడు అనే చోట ఇంకా నవ్వింది. అంతా అయ్యాక, "ఆడి ఈపు నొప్పి తగ్గిందా మరి?" అని అడిగింది.

ఇది రాస్తే సబ్జెక్టు తప్పినట్టా? ఇంకో సంగతి, అమ్మ ఏం పని చేస్తుందో మా క్లాసులో ఇద్దరికే తెలుసు.

బండెడుపుస్తకాలు:
చెల్లీ, మార్కులు కావాలంటే కమలిని, స్త్రీ విద్య, సంస్కరణ. మూడు ముక్కలు, పని అయిపోద్ది. రాముడి గురించి డైరీలో రాసుకో.

సుద్దముక్క:
పై సలహా వినకమ్మా. ఇరవై ఎనిమిదేళ్ళు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఈ కథ 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిందనీ, మొదటి తెలుగు కథగా పేరుపడిందనీ, అంతకు ముందే 1902లో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' ఉందనీ బోర్డు మీద రాసి పిల్లల చేత వల్లె వేయించాను. రాముడి దగ్గర ఒక్క ఏడాదీ ఆగలేదు. దెబ్బలు తిన్న చోట పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వనిచ్చేవాణ్ణి.

మీ అమ్మగారు పట్టుకున్న మాట సంగతి వదలకు. రాముడు మాట్లాడేది మీ వైపు పల్లె మాట, అయ్యగారిది చదువుకున్నవాళ్ళ మాట. ఒకే ఇల్లు, రెండు భాషలు. ఈ కథకి 1910 నాటి పాఠం, తర్వాత వాడుక భాషలోకి మార్చి అచ్చువేసిన పాఠం రెండూ ఉన్నాయి కనుక నీ చేతిలో ఉన్నదేదో చూసుకుని మాటలు ఎత్తి రాయి.

ఇంకోటి అడుగుతాను, ఆలోచించు. కమలిని పుట్టింటికి పోలేదు, మంచం కిందే ఉంది. ఆ సంగతి రాముడికి తెలుసా, తెలియదా? కథలో తేల్చి చెప్పలేదు. తెలుసనే నా అనుమానం. అదే నిజమైతే నాటకం అమ్మగారిది, గుద్దులు రాముడివి.

కొంగు ముడితో మొదలుపెట్టు. చదువు విలువ గురించి పేరా మాత్రం వద్దు, అది మిగతా అందరి పేపర్లలోనూ ఉంటుంది.

గోదారిగట్టు:
మాది రాజమండ్రి. ఇది చదివి లేచి వంటింట్లోకి వెళ్ళి చూశాను. మా ఇంట్లోనూ ఉంది, పిడి విరిగిన కప్పొకటి, షెల్ఫ్‌లో చివర. మా పనావిడ అందులోనే టీ తాగుతుంది. నేనెప్పుడూ దాన్ని చూళ్ళేదు.

చిన్నప్పుడు మా ఇంట్లో పనికి ఒక కుర్రాడుండేవాడు, నాకంటే రెండేళ్ళు పెద్ద. నాన్నగారి ట్రాన్సిస్టర్ నేను కింద పడేస్తే దెబ్బలు వాడు తిన్నాడు. నేను గుడ్లప్పగించి చూశానేగానీ నోరు విప్పలేదు. సాయంత్రం నాన్నగారికి జాలేసి వాడికి సినిమాకి డబ్బులిచ్చారు. వాడు నన్నూ తీసుకెళ్ళాడు.

వెనక్కేసుకురావడం కాదుగానీ, ఆ చీర సిగ్గుపడే ఇచ్చుంటారమ్మా.

అక్కయ్య_గాజువాక:
రాయడం సరే. క్లాసులో చదవడానికి మీ అమ్మని అడిగావా? అది ఆవిడ కొంగు.

పెరటిమెట్లు:
గోదారిగట్టు గారూ, సిగ్గుపడే ఇచ్చారేమో. కానీ ఆ మాట అమ్మకెవరూ చెప్పలేదు కదండీ.

అక్కా, అడగాలని నాకు తట్టనే లేదు. ఇందాక అమ్మ పనినుంచి రాగానే అడిగాను. ముందు సుద్దముక్క మాస్టారి ప్రశ్న అడిగితే ఆలోచించను కూడా లేదు: "ఆడికి తెలకపోడమేటి? ఇల్లు తుడిసినోడికి మంచం కింద ఏటున్నాదో తెలీదా?" మాస్టారూ, ఈ మాట అలాగే పేపర్లో పెట్టేస్తున్నాను.

తర్వాత నా రెండు పేజీలూ చదివి వినిపించాను. కొంగు విప్పిన చోట అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. కాసేపటికి, "సదివితే సదువు. గానీ పదకొండు కాదు, పద్నాలుగు. మూడు రూపాయలు మడతలో ఉండిపోనాయి, ఆళ్ళకీ కనపళ్ళేదు" అంది.

పద్నాలుగని దిద్దాను. సోమవారం మూడో పీరియడ్.