అవటు గ్రంథి: మెడకు ముందా, వెనకా?

పదో తరగతి తెలుగు మీడియం నాటి సందేహం ఒకటి. థైరాయిడ్‌ని పుస్తకంలో ‘అవటు గ్రంథి’ అన్నారు. మొన్న అమరకోశం తిరగేస్తుంటే అవటువు, ఘాట, కృకాటిక మూడూ మెడ వెనక భాగానికి పేర్లని కనిపించింది. అంటే మన ముచ్చిలిగుంట వైపు. గ్రంథేమో గొంతు ముందు, శ్వాసనాళానికి ఆనుకుని ఉంటుంది. పేరు పెట్టినవాళ్లు మనిషిని వెనకనుంచి చూశారా ఏమిటి?

జవాబు 1: బాగా పట్టుకున్నారు మాస్టారూ! థైరాయిడ్‌కి మూలం గ్రీకులో డాలు, అదీ తలుపంత పొడుగు డాలు. గ్రంథికి ఆ పేరు 1656లో థామస్ వార్టన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు పెట్టాడు. మనవాళ్లు ‘డాలు గ్రంథి’ అని ఉంటే పిల్లలకు ఇట్టే గుర్తుండేది. అన్నీ ఇలా తప్పాయనను. అడ్రినల్‌ని అధివృక్క గ్రంథి అన్నారు, అంటే మూత్రపిండం మీద ఉన్నది, సరిగ్గా సరిపోయింది. పిట్యూటరీకి లాటిన్ మూలం కఫం, మెదడులోంచి ముక్కుకు జారేది అక్కడిదేనని పాతకాలం నమ్మకం. మనం పీయూషం అన్నాం, అంటే అమృతం, జున్నుపాలు కూడా. తల్లికి పాలు పట్టించే ప్రొలాక్టిన్ అక్కడినుంచే వస్తుంది కాబట్టి చీమిడి కన్నా జున్నే నయం!

జవాబు 2: అవటు సంగతి అలా ఉంచండి, అసలు చిక్కు వాడుకలో ఉంది. ‘నాకు థైరాయిడ్ వచ్చింది’ అంటాం. అది పుట్టుకతోనే ఉందిగా! సరే, షుగర్, బీపీ కూడా అలాగే అంటున్నాం, పోనివ్వండి. ‘థైరాయిడ్ పెరిగింది’ అనే మాటతోనే ప్రమాదం. రిపోర్టులో పెరిగేది చాలాసార్లు టీఎస్‌హెచ్. అది పీయూష గ్రంథి పంపే హార్మోను. థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే, ఇంకాస్త పనిచెయ్యమని అది గట్టిగా కేకేస్తుంది. కేక పెరిగిందంటే పని తగ్గిందని. మా పిన్ని ‘పెరిగిందట’ అనుకుని, థైరాయిడ్ హార్మోను లోటు తీర్చడానికి పరగడుపున వేసుకునే థైరాక్సిన్ బిళ్ల తనంతట తనే సగం చేసేసింది. రెండు నెలలు నీరసం, మలబద్ధకం, ఒళ్లు బరువు.

ప్రశ్న అడిగిన సభ్యుడు: అమ్మో! అయితే హైపోకి, అంటే థైరాయిడ్ పని తగ్గితే, ‘థైరాయిడ్ మందగించింది’ అందామా? పుస్తకాల భాషలో ‘అవటు అల్పక్రియత’ అంటే మీ పిన్నిగారు డాక్టర్నే మార్చేస్తారు.

జవాబు 2: మందగించింది బాగుందండీ, ఇవాళే చెప్తాను. మరి హైపర్‌కి, అంటే అతిగా పనిచేస్తే? గుండెదడ, చేతుల వణుకు, తిన్నా చిక్కిపోవడం... ‘జోరెక్కింది’ అంటే ఒప్పుకుంటారా?