కాలనీ పార్కులోనే నిమజ్జనం: గుంత కొలతలు, నీళ్లు, తర్వాత మట్టి సంగతి

కొత్తపేట కాలనీ అడిగినది:

మాది కొత్తపేటలో 64 ఇళ్ల కాలనీ. ఏటా మండపం వినాయకుణ్ణి డీసీఎం వ్యానులో సరూర్‌నగర్ చెరువుకు తీసుకెళ్తాం. ఈసారి పీఠంతో కలిపి నాలుగున్నర అడుగుల బంకమట్టి విగ్రహానికి బయానా ఇచ్చాం. కాలనీ పార్కులోనే నిమజ్జనం చేయాలని మొన్న సమావేశంలో తీర్మానమైంది. ఇళ్లలో పెట్టే చిన్న వినాయకులు ఇంకో 40 దాకా ఉంటాయి.

పార్కు మూలన 20×15 అడుగుల ఖాళీ జాగా ఉంది. దాన్ని ఆనుకునే వాన నీళ్ల ఇంకుడు గుంత. రెండడుగులు తవ్వితే మొరం, ఆ కింద రాయి తగులుతుంది.

గుంత ఎంత ఉండాలి? టార్పాలిన్ ఏ సైజు, నీళ్లు ఎన్ని ట్యాంకర్లు? ఆ బురద చివరికి ఎక్కడ వేయాలి? నాలుగిళ్ల వాళ్లు పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) విగ్రహాలు ముందే కొనేశారు, వాటికి దారి ఏమిటి? చేసి చూసినవాళ్లు కొలతలతో చెప్పండి.

బస్తాలగట్టు (కలం పేరు) జవాబు:

రాయి తగిలే చోట నాలుగడుగులు తవ్వాలని పట్టుబట్టొద్దు. రెండడుగులు తవ్వి, పైన రెండడుగుల గట్టు కట్టండి. లోపలి కొలత 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. విగ్రహాన్ని దించడానికి, ఇద్దరు లోపల నిలబడడానికి అది చాలు.

గట్టుకి ఖాళీ సిమెంటు సంచులు తెచ్చి తవ్విన మట్టే నింపండి. ఒక్కో సంచిని ముప్పావు వంతే నింపి మూతి కట్టాలి. నిండా కుక్కితే సంచి గుండ్రంగా తయారై దొర్లుతుంది, మధ్యలో సందులు పడతాయి. ముప్పావు సంచి పరిస్తే సుమారు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అయిదారు అంగుళాల మందం వస్తుంది. కింది రెండు వరసలు రెండేసి సంచుల వెడల్పు, పై రెండు వరసలు ఒక్కో సంచి. గుంత చుట్టూ మూలలతో కలిపి 34 అడుగులు అనుకుంటే మొత్తం వంద సంచులు పడతాయి. 8×6×2 తవ్వితే వచ్చే 96 ఘనపుటడుగుల మట్టి వాటికి సరిపోతుంది, బయట నుంచి మట్టి తెప్పించే పని లేదు. ఇటుక గోడ కట్టినట్టే కింది సంచుల అతుకు మీద పై సంచి మధ్యభాగం రావాలి.

ఇటుకలు ఊరికే పేర్చి టార్పాలిన్ కప్పితే చాలనుకుంటారు. చాలదు. నీళ్లు మూడడుగులు దాటేసరికి అడుగున ఒత్తిడికి గోడ బయటికి ఉబుకుతుంది, మూలలో ఒక్క ఇటుక జారితే ట్యాంకర్ నీళ్లన్నీ రోడ్డు మీదే.

టార్పాలిన్ లెక్క: పొడవు + లోతు రెండుసార్లు + అంచుకి చెరో అడుగు. అంటే 8+8+2=18 అడుగులు. వెడల్పు 6+8+2=16. గట్టు మందం మీదుగా మడిచి బయట సంచి కింద తొక్కిపెట్టాలి కాబట్టి 20×18 తీసుకోండి. 200 జీఎస్ఎంకి (చదరపు మీటరుకి గ్రాముల బరువు) తక్కువైతే ఒద్దు. పరిచేముందు గుంత అడుగున రెండంగుళాలు ఇసుక పోసి, మొనదేలిన రాళ్లు ఏరేయండి. టార్పాలిన్ పైన పాత గోనెసంచులు రెండు మడతలు వేయాలి. విగ్రహం లోపలి చట్రానికి మేకులుంటాయి, మట్టి కరిగాక అవే టార్పాలిన్‌ని చీలుస్తాయి.

నీళ్లు మూడున్నర అడుగుల వరకే. 8×6×3.5 అంటే 168 ఘనపుటడుగులు, సుమారు 4,750 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ ఒక్కటి చాలు. పైన అరడుగు ఖాళీ ఉండాలి, భాద్రపదంలో వాన ఎప్పుడు దంచుతుందో చెప్పలేం. నిమజ్జనానికి ముందురోజు పొద్దున్నే నింపి, నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. సాయంత్రానికి గీతకన్నా అంగుళం దిగిపోతే ఎక్కడో కారుతున్నట్టే, బాగుచేసుకోడానికి ఒక రాత్రి మిగులుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం పిల్లల సంగతి. మూడున్నర అడుగుల నీళ్లు అయిదేళ్ల పిల్లవాడికి తలమునక. గుంత నింపిన క్షణం నుంచి ఖాళీ చేసేదాకా చుట్టూ నాలుగడుగుల దూరంలో వెదురు కంచె, రాత్రంతా లైటు, షిఫ్టుకి ఇద్దరు పెద్దవాళ్లు. రాత్రి పైన వల కప్పినా మనిషి కాపలా మానొద్దు. దీనికి పేర్లు రాసి పెట్టకుండా గుంత తవ్వొద్దు.

పార్కు మున్సిపల్ స్థలమైతే తవ్వేముందు వార్డు ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి, కింద నీళ్ల పైపు, కేబుల్ ఎటు పోయాయో అప్పుడే కనుక్కోండి. మండపం కోసం పోలీసులకి పెట్టే ఆన్‌లైన్ దరఖాస్తులో నిమజ్జన స్థలం దగ్గర అలవాటుగా చెరువు పేరు రాసేయకుండా పార్కు పేరు రాయండి. మైకు రాత్రి 10కి కట్టేయాలి, పార్కులో చేసుకున్నా అదే నియమం.

మట్టిబొమ్మ:

పైన గుంత లెక్క బాగుంది. నేను విగ్రహం గురించే చెప్తాను, కరగకపోవడానికి చాలాసార్లు కారణం అక్కడే ఉంటుంది.

కాల్చని బంకమట్టి పూర్తిగా ఎండితేనే నీళ్లలో తొందరగా విడిపోతుంది. ఇది చాలామంది తిరగేసి అనుకుంటారు. ఎండిన మట్టిలోని సన్నటి సందుల్లోకి నీళ్లు ఒక్కసారిగా దూరి, లోపలి గాలిని నెట్టి, పెళుసుగా విడగొడతాయి. ఒక ఎండిన పెల్లని గ్లాసు నీళ్లలో వేసి చూడండి: బుడగలు చిమ్ముతూ అంచులు రాలి, కాసేపట్లో అడుగున కుప్పవుతుంది. తడి ఆరని ముద్దని వేస్తే గంటలు గడిచినా ముద్దగానే ఉంటుంది. కాబట్టి పండక్కి నాలుగు రోజుల ముందు హడావిడిగా చేసిన విగ్రహం ఒద్దు. తీసుకునేటప్పుడు వెనకవైపు, పీఠం అడుగున చెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే.

రెండోది రంగు. ఎనామిల్, వార్నిష్, మెరుపు పూత పడితే మట్టి మీద రెయిన్‌కోటు తొడిగినట్టే, నీళ్లు లోపలికి పోవు. జాజు, పసుపు, సున్నం, బొగ్గు పొడి చాలు. బయానా ఇచ్చేటప్పుడే ఈ మాట గట్టిగా చెప్పాలి, ఆఖరి రోజు మెరుగు కోసం వార్నిష్ కొట్టడం చేసేవాళ్లకి అలవాటు. పైగా ఇప్పుడు మట్టి అంటే ఎత్తు తగ్గుతుందన్న మాటా లేదు, ఖైరతాబాద్ వినాయకుడే 2022 నుంచి మట్టితో నిలబడుతున్నాడు.

ఇళ్ల విగ్రహాలు పెద్ద గుంతలో వేయకండి. అడుగెత్తు విగ్రహంలో మూడు నాలుగు కిలోల మట్టి ఉంటుంది. 40 విగ్రహాలంటే కింటన్నర. ముందు వేసినవాటి బురద అడుగున పేరుకుని, తర్వాతవి అందులో కూరుకుపోయి కరగవు. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు అయిదు తెచ్చి, డ్రమ్ముకి ఎనిమిది చొప్పున పంచండి. నాలుగు విగ్రహాలు పడగానే పొడుగు కర్రతో అడుగంటా కలపాలి.

పీఓపీ విషయానికొస్తే, అది కాల్చిన జిప్సం పొడి. నీళ్లు కలిస్తే గట్టిపడే గుణమున్న పదార్థం నీళ్లలో కరుగుతుందని ఎదురుచూడొద్దు. గుంతలోకి గాని డ్రమ్ములోకి గాని రానివ్వకండి. చిన్నవాటికి పుణె జాతీయ రసాయన ప్రయోగశాల వాళ్ల పద్ధతి ఉంది: అమ్మోనియం బైకార్బనేట్. విగ్రహం బరువుకి సమానంగా ఆ పొడి తీసుకోవాలి. రెండు కిలోల విగ్రహానికి రెండు కిలోల పొడి, ప్లాస్టిక్ బకెట్‌లో 20 లీటర్ల నీళ్లు. ముందు పొడి కలిపి, తర్వాత విగ్రహం మునిగేలా ఉంచి, మూడు నాలుగు గంటలకోసారి కలపండి. రెండు రోజులు పడుతుంది. అడుగున తెల్లటి సున్నపురాయి పిండి (కాల్షియం కార్బనేట్) మిగులుతుంది, పై నీళ్లలో అమ్మోనియం సల్ఫేట్ ఉంటుంది.

ఆరుబయటే చేయాలి, ఘాటు కళ్లకి పడుతుంది. గ్యాస్ వస్తుంది కాబట్టి బకెట్ మూత బిగించొద్దు. పైన తేలిన రంగుపొరని గుడ్డతో వడకట్టి విడిగా తీసేయండి. ఆ నీళ్లు ఒక మగ్గుకి యాభై మగ్గుల మంచినీళ్లు కలిపి పూలమొక్కలకే పోయండి, కూరగాయలకి ఒద్దు. రెండడుగులు దాటిన పీఓపీ ఇంట్లో తేలే పని కాదు, మున్సిపల్ వాళ్ల నిమజ్జన కొలను దగ్గర అప్పజెప్పడమే. హుస్సేన్ సాగర్‌లో పీఓపీ వేయొద్దని 2021లో హైకోర్టు చెప్పింది, కాబట్టి వచ్చే ఏడాదికైనా ఆ నాలుగిళ్ల వాళ్లు మట్టికి మారేలా ఇప్పుడే మాట తీసుకోండి.

కొత్తపేట కాలనీ:

చాలా థాంక్సండీ. రెండు సందేహాలు. పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు పారే నీళ్లలోనే కలపాలి, గుంతలో ఎలా అంటున్నారు. రెండోది, కొందరు మూడో రోజు, కొందరు అయిదో రోజు, మండపం తొమ్మిదో రోజు. నీళ్లు అన్ని రోజులు ఉంచొచ్చా?

పత్రి:

పెద్దవాళ్ల మాట తోసెయ్యకండి, వాళ్లని ముందు నిలబెట్టి చేయించండి. పూజ ముగించి, ఉద్వాసన చెప్పి, విగ్రహాన్ని కాస్త కదిపాక మిగిలేది మట్టిని మట్టిలో కలపడమే. వాగూ చెరువూ దగ్గర లేని ఊళ్లలో బావిలో కలపడం పాత ఆచారమే. మీ వైపు కొళాయిలో వచ్చేవి కృష్ణ నీళ్లు, నాగార్జునసాగర్ జలాశయం నుంచి వచ్చేవే. ఆ పెద్దల చేత మొదటి బిందె కొళాయి నీళ్లు గుంతలో పోయించండి, తర్వాత ట్యాంకర్ తిప్పండి.

రోజుల లెక్కకి: ఇళ్లవి ఏ రోజువి ఆ రోజు డ్రమ్ముల్లో. పెద్ద గుంత మండపం కోసమే, ఎనిమిదో రోజు నింపాలి. నిలవ నీళ్లలో దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు, డెంగీ కాలం ఇది. డ్రమ్ములకి దోమతెర గుడ్డ కట్టి, మూడో నాలుగో రోజుకి ఖాళీ చేసేయండి.

నీళ్లలోకి పోయేముందు విగ్రహం మీద మట్టి తప్ప ఏమీ ఉండకూడదు. దండలు, యజ్ఞోపవీతం, పంచె, జిగురుతో అతికించిన కిరీటం, ముత్యాల పూసలు, చిల్లర నాణేలు అన్నీ తీయాలి. దీనికి డ్రమ్ముల ముందు ఒక బల్ల, మూడు బుట్టలు పెట్టండి: పూలూ పత్రీ, బట్టలు, తక్కినవి. పాలవెల్లి ఇంటికి తీసుకెళ్లి వచ్చే ఏడు వాడుకునేది, దాన్ని కలపనక్కర్లేదు.

పత్రి గురించి ఒక హెచ్చరిక. పూజయ్యాక ఆవులకి వేస్తుంటారు. 21 పత్రాల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి, మూడూ విషమే. గన్నేరు కొద్దిగా తిన్నా పశువు ప్రాణం పోతుంది. మొత్తం ఎరువుకే పోవాలి. అడుగున, పక్కల్లో రంధ్రాలు చేసిన డ్రమ్ములో బకెట్ పూలూ పత్రికి బకెట్ ఎండాకులు చొప్పున పొరలుగా వేసి, పైన చెంబు పులిసిన మజ్జిగ చల్లండి. దండల దారం తీయకపోతే అది గుదిగుచ్చుకుని కలపడానికి కర్ర దిగదు. వారానికోసారి కలిపితే నెలన్నర, రెండు నెలల్లో తయారు. కంపు కొట్టిందంటే తడి ఎక్కువైనట్టు, ఎండాకులు ఇంకో బకెట్ కలపండి.

ఒండ్రు:

బురద గురించి ఎవరూ చెప్పలేదు, అసలు చిక్కు తెల్లారాకే మొదలవుతుంది.

విగ్రహం దించేటప్పుడు ఎనిమిదడుగుల చెక్కలు రెండు గట్టు మీంచి లోపలికి ఏటవాలుగా వేసి జార్చండి. ఆరుగురు పట్టుకోవాలి. విగ్రహం నీళ్లకన్నా ఎత్తు కాబట్టి నిలబెట్టేస్తే పైభాగం పొడిగా మిగిలిపోతుంది. మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టండి. రాత్రికి మట్టి రాలిపోయి గడ్డి, పురికొస, చెక్క చట్రం బయటపడతాయి. పొద్దున్నే వాటిని పైకి తీసి, అంటుకున్న మట్టిని అందులోనే కడిగి ఆరబెట్టండి. చట్రం చేసినవాళ్లకే తిరిగిస్తే మళ్లీ వాడుకుంటారు.

తర్వాత పటిక. 5,000 లీటర్లకి పావుకిలో, బకెట్ నీళ్లలో ముందే కరిగించి గుంతంతా చల్లి, పది నిమిషాలు మెల్లగా కలిపి వదిలేయండి. మర్నాటికి మట్టి అడుగుకి దిగి పైన నీళ్లు తేరుకుంటాయి. తేరుకోకపోతే ఇంకో పావుకిలో. పంపు పైపు మూతిని అడుగుదాకా వదలొద్దు, బురద లాగి మోటారు పట్టేస్తుంది. ఖాళీ నూనె డబ్బాకి కట్టి, నీటిమట్టానికి అరడుగు కింద వేలాడేలా చేస్తే మట్టంతో పాటే దిగుతుంది. ఆ నీళ్లు పార్కు చెట్లకి.

మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది ఆ ఇంకుడు గుంత. పక్కనే ఉందని బురద నీళ్లు అందులోకి వదిలారో, బంకమట్టి కంకర మధ్య సందులన్నీ పూడ్చేస్తుంది, మొత్తం తోడి కడిగితే గాని మళ్లీ ఇంకదు. పని జరిగినన్నాళ్లూ దాని చుట్టూ ఒక వరస సంచులు పెట్టండి. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకీ పోయొద్దు, లైనులో గడ్డకట్టి మురుగు ఇళ్లలోకి తన్నుతుంది.

అడుగున మిగిలిన ఒండ్రుని టార్పాలిన్‌తోనే లాగి, పల్చగా పరిచి, వారం ఎండనివ్వండి. జల్లెడ పట్టి సంచుల్లో దాస్తే వచ్చే ఏడాది పిల్లలు బొమ్మలు చేసుకోడానికి పనికొస్తుంది, ఒక్కొక్కరికి రెండు కిలోలు లెక్కేసుకోండి. మొక్కలకి వాడాలంటే ఒక వంతు ఒండ్రుకి రెండు వంతుల పశువుల ఎరువు, ఒక వంతు ఇసుక. వట్టి బంకమట్టి మొక్క మొదట్లో పోస్తే ఎండి పెచ్చుకట్టి, నీళ్లు దిగవు.

గుంత పూడ్చేటప్పుడు సంచుల మట్టి ఒకేసారి కుమ్మరించకండి. అరడుగు వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, ఆ పైన ఇంకో అరడుగు. లేకపోతే మొదటి పెద్ద వానకే దిగబడి, ఆడుకునే పిల్లల కాళ్లు అందులో ఇరుక్కుంటాయి.