అమ్మ ఆభా నంబర్‌కి (హెల్త్ ఐడీ) ఇచ్చిన పాత సిమ్ పోయింది, ఎలా మార్చాలి?

నమస్తే అండి, మా అమ్మ పాడేరు దగ్గర కొండ ఊళ్లో ఉంటుంది, బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. అక్కడి హెల్త్ క్లినిక్‌లో ఏఎన్ఎం గారు నెలనెలా చూసి ట్యాబ్‌లో ఎక్కిస్తారు, సిగ్నల్ ఉంటే ఈ-సంజీవనిలో వీడియో కాల్ కలిపి డాక్టర్ గారితో మాట్లాడిస్తారు కూడా, ఆవిడ ఓపికకి దండం పెట్టాలి. 14 అంకెల ఆభా నంబర్ కూడా తీశారు, కానీ దానికిచ్చిన సిమ్ ఇప్పుడు లేదు, ఆధార్‌కీ అదే నంబర్, ఇంక ఓటీపీ ఎలా వస్తుంది? వైజాగ్‌లో ఒక ప్రైవేటు హాస్పిటల్‌కి తీసుకెళ్తే పాత రీడింగులేవీ కనపడట్లేదని టెస్టులన్నీ మళ్లీ మొదటి నుంచి రాశారు.

ముందు ఆధార్‌లో నంబర్ మార్పించాలా, లేక క్లినిక్‌లోనే వేలిముద్రతో అయిపోతుందా? హాస్పిటల్ కూడా ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో (ఈ ఆభా నంబర్లు ఇచ్చే కేంద్ర పథకం) చేరి, మనం ఒప్పుకుంటేనే రికార్డులు కనపడతాయట, మరి చేరారో లేదో వెళ్లకముందే తెలుసుకునేదెలా? కొండ ఊళ్లవాళ్లకే ఇది ఎక్కువ అవసరం అండి, చీటీ పోతే ఏ మందు ఎంత వేసుకుంటున్నారో చెప్పేవాళ్లే ఉండరు. ఇక్కడ ఏఎన్ఎంలు, సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు) ఎవరైనా ఉంటే ఇంకొకటి కూడా చెప్పండి ప్లీజ్, సిగ్నల్ లేనప్పుడు ట్యాబ్‌లో ఎక్కించినవి తర్వాత వాటంతటవే సర్వర్‌కి వెళ్తాయా?